ఎడమ చెవి వెనక

క్షవరం చేసేవాడంటే లొడలొడా మాట్లాడేవాడని లోకం అభిప్రాయం. లోకానికేం, ఎన్నయినా అనుకుంటుంది. ఊరి బజారులో నలభై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో, ఒకే కుర్చీ వెనక నిలబడి కత్తెర ఆడించిన ఈ మనిషి మాత్రం పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా పట్టుమని పాతిక మాటలు మాట్లాడేవాడు కాదు. "మిషనా, కత్తెరా?" "తల వంచండి." "మీసం ముట్టుకోనా?" "అయిపోయింది." అంతే. అందుకే ఊరు ఆయనకి తాళంకప్ప అని పేరు పెట్టింది. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి కరెంటు బిల్లు తెచ్చే కుర్రాడు కూడా "తాళంకప్పగారూ" అని ఎంతో గౌరవంగా పిలిచేవాడు. ఆయనకెప్పుడూ కోపం రాలేదు. పైగా లోపల్లోపల కాస్త గర్వంగా ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

గది చిన్నది. తిరిగే కుర్చీ ఒకటి, దాని తోలు రెండు చోట్ల చిరిగితే వేసిన అతుకులు. ఎదురుగా గోడంత అద్దం, దాని కింది మూల రసం ఊడిపోయి నల్లటి మరకలు. బల్ల మీద దువ్వెనలు, మూడు కత్తెరలు, మిషను, నీళ్ళు చిమ్మే సీసా, అరిగిపోయిన పటిక ముక్క. కత్తి నూరుకోవడానికి గోడకి వేలాడే తోలుపట్టీ. మేకుకి ఒక చేతి అద్దం. పని అయ్యాక ఆ అద్దాన్ని తల వెనక పట్టి, ఎదుటి అద్దంలో మెడ భాగం చూపించడం ఆయన పద్ధతి. మనిషి తన తల వెనక ఏముందో చూసుకునేది నెలకోసారి ఆ అరనిమిషమే. మిగతా రోజులన్నీ అది ఊళ్ళోవాళ్ళ సొత్తు.

వాళ్ళ నాన్నదీ ఇదే పని. ఆ పెద్దమనిషికి నోరు కాస్త జోరుగా ఉండేది. ఒకసారి బడి పంతులు తలలో పేలు కనిపిస్తే, బెంచీ మీద నలుగురు కూర్చునుండగా "ఏంటి పంతులుగారూ, నెత్తిన సంసారం పెట్టించారు" అని నోరు జారాడు. నలుగురూ పడీపడీ నవ్వారు. పంతులు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పంతులు చుట్టాలు తొక్కలేదు. పంతులు దగ్గర చదివే పిల్లల తండ్రులూ తొక్కలేదు. ఏడాదిపాటు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. కొడుకు చేతికి కత్తెర ఇచ్చిన రోజున తండ్రి నేర్పిన మొదటి పాఠం జుట్టు గురించి కాదు.

"కుర్చీలో చూసింది కుర్చీలోనే వదిలెయ్యరా," అన్నాడు. "పేను కనబడినా, పుండు కనబడినా, నెత్తి పల్చబడినా నువ్వు చూళ్ళేదు. చేతనైతే కప్పు. చేతకాకపోతే ఊరుకో."

కొడుకు తండ్రిని మించిపోయాడు. ఊరుకోవడంలోనే కాదు, కప్పడంలో కూడా. నడినెత్తిన రూపాయి బిళ్ళంత బట్టతల ఉంటే చుట్టూ ఉన్న జుట్టుని ఎటు పొడుగుంచాలో, ఎటు దువ్వాలో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. స్టేషను మాస్టరు తల మీద ఆయన పెళ్ళాం విసిరిన చెంబు తాలూకు గుర్తొకటి ఉండేది. ఇరవై ఏళ్ళు అది ఎవరి కంటా పడలేదు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు తమకో లోపం ఉందన్న సంగతే మర్చిపోయి హాయిగా బతికారంటే ఆ పుణ్యం తాళంకప్పది. తనకి తెలిసిన రహస్యాలు తల్చుకుంటే ఆయనకే ఒక్కోసారి కడుపు నిండినట్టు ఉండేది.

గోడకి అవతలి గదిలో దర్జీ ఉండేవాడు. ఇద్దరిదీ ఒక ఈడే, ఇద్దరూ ఒకే ఏడాది ఆ బజారులో తలుపులు తెరిచారు. ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటి వారంలోనే బావా అంటే బావా అనుకున్నారు. దర్జీ భార్య ఆ వరసనే ఖాయం చేసి ఈయన్ని అన్నయ్యా అని పిలిచేది. దర్జీ మాటల పుట్ట. ఎవరి నడుము ఎన్ని అంగుళాలు పెరిగిందో బజారంతా చాటింపు వేస్తే తప్ప అతనికి పూట గడిచేది కాదు. "వాళ్ళ పొట్టలు నాకు తెలుసు, తలలు నీకు తెలుసు, ఇద్దరం కలిస్తే ఊరు ఊరంతా మన గుప్పిట్లో ఉంది బావా, నువ్వే నోరు విప్పవు," అని దెప్పేవాడు. రోజూ పదకొండింటికి దర్జీ గదిలో టీ తాగేవాళ్ళు. దర్జీ మాట్లాడేవాడు, ఈయన ఊ కొట్టేవాడు. ఈయన భార్య జబ్బు చేసి పోయినప్పుడు, కూతురు పెళ్ళయి రెండు వీధుల అవతలికి వెళ్ళినప్పుడు, ఆయన్ని మనిషిగా నిలబెట్టింది ఆ పదకొండు గంటల టీ ఒక్కటే.

నెలలో మొదటి మంగళవారం దర్జీ కుర్చీలో కూర్చునేవాడు. అలాంటి ఒక మంగళవారం, ఎడమ చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట, పెసరగింజంత నల్లటి మచ్చ కనబడింది. అంతకుముందు అక్కడ ఏమీ లేదు. ఆ తల ఆయనకి తన అరచేయికన్నా బాగా తెలుసు.

చూశాడు. చూడనట్టే దువ్వెన ముందుకి పోనిచ్చాడు.

మూడు నెలలకి అది కందిగింజంత అయింది. అయిదో నెలకి చొక్కా గుండీ అంత. అంచులు గుండ్రంగా లేవు, ఒకవైపు చిరిగినట్టుగా ఉంది. చెప్పాలనుకున్నాడు. దర్జీకి ఆసుపత్రి అంటే చచ్చేంత భయం. అతని అన్న చిన్న నొప్పి అని నడిచి వెళ్ళి, అక్కణ్ణుంచి నలుగురు మోసుకొస్తే తిరిగొచ్చాడు. అప్పట్నుంచి దర్జీ మందుల షాపు ముందు నుంచి కూడా వెళ్ళేవాడు కాదు, ఎదుటి వరసకి దాటి నడిచేవాడు. ఇలాంటివాడికి ఏమని చెప్పాలి? పుట్టుమచ్చే అయ్యుండొచ్చు, ఎందుకు బెదరగొట్టడం, వచ్చే నెల చూద్దాం. వచ్చే నెల వచ్చింది. మళ్ళీ వచ్చే నెల చూద్దాం.

ఇక్కడ ఆయన చేసిన పని ఒకటుంది. ఇంకెవరూ చేయలేనిది, ఆ చేతికి మాత్రమే వచ్చినది. ఎడమ చెవి వెనక జుట్టు అర అంగుళం పొడుగు వదిలి, దాన్ని కిందికి దువ్వి, మచ్చ మీద పడేట్టు చేశాడు. కుడివైపు కూడా దానికి తగ్గట్టు సరిచేశాడు. చూసినవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. చేతి అద్దం పట్టేటప్పుడు కాస్త కుడికి వాల్చి పట్టాడు. దర్జీ అద్దంలో తన మెడ చూసుకుని "బాగుంది బావా" అన్నాడు. మంచిపని చేశానని అనుకున్నాడీయన. బావ పరువు కాపాడానని తృప్తిగా ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గాని, నిజంగా అలాగే అనుకున్నాడు.

తొమ్మిదో నెలలో దువ్వెన పళ్ళు తగిలి మచ్చ మీద రక్తం చిమ్మింది. పటిక అద్దినా ఒక పట్టాన ఆగలేదు.

"ఏంటి బావా, కోశావా?" అన్నాడు దర్జీ.

"అవును బావా. చెయ్యి జారింది."

జీవితంలో ఎవరికీ గాటు పెట్టని చెయ్యి అది. దర్జీకి నవ్వాగలేదు. "ముసలాడివైపోయావు. రేపట్నుంచి నీ కత్తెర నాకిచ్చెయ్, నా సూది నువ్వు తీసుకో," అని ఆ వారమంతా బజారులో అదే పాట. తాళంకప్ప చెయ్యి జారిందట అని వచ్చేపోయేవాళ్ళంతా ఆటపట్టించారు. ఈయన ఆ నింద నెత్తినేసుకుని ఊరుకున్నాడు. తన పేరు చెడినా ఫరవాలేదు, బావ మనసు కలత పడలేదు కదా అనుకున్నాడు.

పధ్నాలుగో నెలలో దర్జీ మెడ పక్కన గడ్డ లేచింది. దాన్ని ఏ జుట్టూ కప్పలేదు. దగ్గు పట్టుకుంది. భార్య గోల పెట్టి, ఏడ్చి, చేయి పట్టుకుని లాక్కుంటూ పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు గడ్డని చూసి, తల చుట్టూ వెతికి, జుట్టు పైకెత్తి, మచ్చ దగ్గర ఆగాడట. మొదలయింది ఇక్కడే, ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయింది అన్నాడు. మచ్చగా ఉన్నప్పుడు వస్తే కోసి పారేసేవాళ్ళం అని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఎవరు అడిగారని చెప్పాడో గాని, చెప్పాడు.

తాళంకప్ప చూడ్డానికి వెళ్ళాడు. పొడవాటి వార్డు, వరసగా ఇనప మంచాలు. దర్జీ తల నున్నగా గొరిగేశారు. ఎవడో చేతకానివాడు గొరిగాడు, అక్కడక్కడ కుదుళ్ళు మిగిలాయి. ఈయన ఆ కుదుళ్ళ వైపే చూస్తూ మంచం అంచున కూర్చున్నాడు. భార్య నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళింది.

"బావా," అన్నాడు దర్జీ. గొంతు బొంగురుపోయింది. "ఇది నీకు ఎప్పుడూ కనబళ్ళేదా?"

అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. ఊరికే తెలుసుకుందామని అడిగాడు. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. చెప్తే తిడతాడు, తిట్టాలి కూడా. ఈయన నోరు తెరిచాడు. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు ముందుకొచ్చి నిలబడింది.

"లేదు బావా. జుట్టు కింద ఉండిపోయింది."

"అంతేలే," అన్నాడు దర్జీ. "నీకు కనబడితే చెప్పకుండా ఉంటావా." అని ఈయన చేతి మీద చెయ్యేశాడు. ఓదార్చాడన్నమాట. చావబోతున్నవాడు బతకబోతున్నవాణ్ణి ఓదార్చాడు. మూడు నెలల తర్వాత పోయాడు.

ఆ తర్వాత తాళంకప్పకి తాళం ఊడిపోయింది. ఊళ్ళో ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు. కుర్చీలో కూర్చున్నవాడికల్లా కనబడిందల్లా చెప్పడం మొదలెట్టాడు. "మీ చెవి కింద గడ్డ ఉంది, డాక్టరుకి చూపించండి." "మీ నెత్తి మీద పొలుసు లేస్తోంది, అశ్రద్ధ చెయ్యకండి." చేతి అద్దం తిన్నగా పట్టి, ఇంకో చేత్తో జుట్టు పైకెత్తి, చూసేదాకా వదిలేవాడు కాదు. పెద్ద బడి హెడ్మాస్టరు గుండెలు చిక్కబట్టుకుని పట్నం వెళ్ళి పరీక్షలు చేయించుకుంటే కొవ్వు గడ్డ అన్నారు. బ్యాంకు గుమాస్తా నడినెత్తి నల్లమచ్చ గురించి ఇంట్లో అందరితోనూ కన్నీళ్ళు పెట్టుకున్నాక, అది జుట్టుకేసుకున్న రంగు మరక అని తేలింది. ఇలా ఆరుగుర్ని పంపించాడు. ఆరుగురూ నిక్షేపంలా తిరిగొచ్చి, దారిలో ఆగి మరీ ఆయన్ని తిట్టిపోశారు. ఒక్కడికైనా ఏదైనా ఉండి, బతికి, ధన్యవాదాలు చెప్పి ఉంటే ఆయనకి కాస్త ఊరటగా ఉండేదేమో. అలాంటివాడు ఒక్కడూ దొరకలేదు. స్టేషను మాస్టరు తన చెంబు గుర్తు బయటపడేట్టు క్రాఫు చేశాడని మండిపడి, వీధి చివర కొత్తగా తెరిచిన ఏసీ సెలూనుకి మారిపోయాడు. చాలామంది అతని వెనకే నడిచారు. ఊరు పాత పేరు తీసేసి ఎక్స్‌రే అని కొత్త పేరు పెట్టింది. బెంచీ ఖాళీ అయింది.

టీ మాత్రం ఆగలేదు. దర్జీ బతికున్నప్పుడు అతని భార్య మధ్యాహ్నాలు వచ్చి గుండీలు, కాజాలు కుట్టేది. ఇప్పుడు మిషను ముందు తనే కూర్చుంది. పదకొండింటికి గోడ మీద రెండు దెబ్బలు కొట్టి "అన్నయ్యా, టీ" అని పిలిచేది. రెండేళ్ళు అలా గడిచాయి. ప్రతి రోజూ ఆ గ్లాసు పట్టుకుని, ఈ రోజు చెప్పేస్తాను అనుకునేవాడు. ఆయనకి ఆ గది తప్ప వెళ్ళడానికి చోటు లేదు, కూతుర్ని మినహాయిస్తే ఆవిడ తప్ప పలకరించే మనిషి లేదు. చెప్తే అది పోతుంది. చెప్పకపోతే గొంతు దిగిన ప్రతి గుక్కా దొంగసొత్తులా ఉంటోంది. ఒకరోజు పొద్దున ఇంట్లో గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహం చూసుకుని, ఇవాళ తప్పదని తేల్చుకున్నాడు.

వెళ్ళేసరికి ఆవిడ ఎవరికోసమో దిండు గలీబులు కుడుతోంది. ఈయన స్టూలు మీద కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. ఆవిడే ముందు అందుకుంది.

"అన్నయ్యా, ఒక మాట చెప్తాను. ఎక్కడా అనకండి." మిషను ఆపింది. "ఈ గలీబులు ముట్టుకుంటే నాకు చేతులాడవు. ఆయన దిండు మీద రక్తం మరక చూశాను, పోకముందు. ఒకసారి కాదు. ఇదేంటండీ అంటే, బావ చెయ్యి జారిందట, గాటు పడింది అన్నారు. మీరే చెప్పారన్నారు. సరేలే అనుకున్నాను. నెల తర్వాత మళ్ళీ మరక. గాటు ఇన్నాళ్ళు మానదా అనిపించింది. అనిపించినా వదిలేశాను. ఉతికి ఆరేశాను. చొక్కాకి ఒక్క కుట్టు ఊడితే పట్టుకుంటాను, మొగుడి దిండు మీద మరక పట్టుకోలేకపోయాను. నేనే పొట్టన పెట్టుకున్నానన్నయ్యా ఆయన్ని."

ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన గొంతుతో చెప్పింది.

చెప్పడానికొచ్చినవాడికి ఇప్పుడు మంచి దారి దొరికింది. నీ తప్పేం లేదమ్మా అని ఒక్క మాటంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. అని, టీ తాగి, రేపు మళ్ళీ రావచ్చు. ఆవిడ ఆ మరక ఉతుక్కుంటూనే బతుకుతుంది, ఆయన అన్నయ్యగా మిగులుతాడు. వాళ్ళ నాన్న ఉంటే ఈ పనే చెయ్యమనేవాడు. గ్లాసు కింద పెట్టాడు.

"గాటు కాదమ్మా అది," అన్నాడు. "నా చెయ్యి జారలేదు."

ఆవిడ తలెత్తింది.

మొదలుపెట్టాక ఆపలేదు. పెసరగింజ దగ్గర్నుంచి చెప్పాడు. జుట్టు పొడుగుంచింది చెప్పాడు. అద్దం వాల్చింది చెప్పాడు. వార్డులో మంచం మీద బావ అడిగింది, తను చెప్పింది, చెయ్యి మీద చెయ్యేసింది, అన్నీ చెప్పాడు. జీవితం మొత్తంలో అన్ని మాటలు ఆయన ఎవరితోనూ ఆడి ఉండడు. చెప్తున్నంతసేపూ ఆవిడ గలీబు గుడ్డని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎన్ని నెలలు చూశారు?" అని అడిగింది చివరికి.

"పధ్నాలుగు."

"ఆయనకి భయమని చెప్పలేదన్నారు."

"అవునమ్మా."

"మరి నాకు చెప్పాల్సింది," అంది. గొంతు పెంచలేదు. "నేను గోడవతలే ఉన్నాను కదన్నయ్యా. రోజూ మధ్యాహ్నం ఇక్కడే గుండీలు కుట్టుకుంటూ ఉన్నాను. ఒక్కసారి వచ్చి నా చెవిన వేస్తే చాలు. ఆయన్ని లాక్కెళ్ళేదాన్ని. తర్వాత లాక్కెళ్ళలేదూ?"

ఆవిడకి చెప్పొచ్చన్న ఆలోచన ఆ పధ్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆయనకి రాలేదు. అప్పుడు రాలేదు, ఆ తర్వాత రెండేళ్ళు నిద్రపట్టక దొర్లినప్పుడూ రాలేదు. చెప్పాలా వద్దా అనే చూశాడు గాని, ఎవరికి అని ఆలోచించనే లేదు. వాళ్ళ నాన్న పాఠంలో ఆ ముక్క లేదు మరి.

"మీరు వెళ్ళండి," అంది ఆవిడ. "రేపట్నుంచి రాకండి."

వెళ్ళాడు. ఇంకో నాలుగేళ్ళు తన గది తలుపు తెరిచాడు, మూశాడు. గోడ అవతల మిషను నడిచే చప్పుడు వినబడేది, పదకొండింటికి కాసేపు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. ఆవిడ ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. కావాలంటే ఒక్క మాటతో ఆయన్ని ఊరవతలికి గెంటించి ఉండేది, చెయ్యలేదు. ఎదురుపడితే తల పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయేది. వచ్చే నలుగురైదుగురు ముసలివాళ్ళకి ఈయన కటింగు చేసేవాడు, కనబడింది చెప్పేవాడు. వాళ్ళకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి గొడవ లేకపోయింది.

అరవయ్యో పడిలో గుండె నీరసించి కూతురి ఇంట్లో మంచం పట్టాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత పక్కకి తిరిగినా ఆయాసం. ఇక లాభం లేదన్నారు. ఆయన ఎవర్నీ అడగలేదు గాని, కూతురే మనసాగక దర్జీ భార్యకి కబురు పెట్టింది. వస్తుందని అనుకోలేదు. ఆ మధ్యాహ్నమే వచ్చింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కోపం పోయిందా చెల్లెమ్మా?" అని అడిగాడు ఆయన.

మంచాన పడ్డ మనిషికి ఎవరైనా పోయిందనే చెప్తారు. గుమ్మంలో నిలబడ్డ కూతురు కూడా ఆ మాట కోసమే ఎదురుచూసింది.

"పోలేదన్నయ్యా," అంది ఆవిడ.

ఆయన తల ఊపాడు. ఆవిడ లేచి వెళ్ళలేదు, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. మర్నాడూ వచ్చింది. పదిరోజులు బతికాడాయన, పదిరోజులూ వచ్చింది. ఆయన రోజూ అదే అడిగాడు, ఆవిడ రోజూ అదే చెప్పింది.